నియా బే (మకా తెగ ఊరు): అమ్మానాన్నలతో రెండు రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బాతెల్_సుధ

నమస్కారమండీ. అమ్మానాన్నలు తెనాలి నుంచి బాతెల్‌లో (సియాటెల్ పక్క ఊరు) మా ఇంటికి వచ్చారు, సెప్టెంబరు మధ్య దాకా ఉంటారు. కొండలు, జలపాతాలు చాలానే చూపించాం. ఈసారి ఇక్కడి మూలవాసుల ఊరు ఒకటి నిదానంగా చూపించాలని ఉంది. అమెరికా వాయవ్యంలో, వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ ద్వీపకల్పం కొసన ఉన్న మకా తెగ వాళ్ల ఊరు నియా బే అనుకుంటున్నాం. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, మ్యూజియం అంటే ప్రాణం. కాకపోతే మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే మైలున్నర నడుస్తారు, దిగుడు ఉంటే ఇబ్బంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిల్లలకు 11, 7.

మా దగ్గర నేషనల్ పార్క్ వార్షిక పాస్ ఉంది, అది సరిపోతుందా? పొద్దున్నే బయల్దేరి రాత్రికి వెనక్కి వచ్చేయొచ్చా? అక్కడి సముద్రపు కొండకొస కేప్ ఫ్లాటరీకి వెళ్లే కాలిబాట (ట్రయల్) నాన్న నడవగలరా? మ్యూజియంలో ముఖ్యంగా ఏం చూడాలి? వాళ్ల ఊళ్లో మనం ఎలా మసలుకోవాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

—

పడమటిగాలి

సుధ గారూ, ముందు పాస్ సంగతి. మీ పార్క్ పాస్ అక్కడ చెల్లదు. నియా బే నేషనల్ పార్క్‌లో భాగం కాదు, మకా రిజర్వేషన్ (ఆ తెగ సొంత ప్రాంతం). ఆ నేల, అడవి, బీచ్ అన్నీ తెగవి, నియమాలు పెట్టేది వాళ్ల కౌన్సిల్. మకా రిక్రియేషన్ పాస్ అని విడిగా కొనాలి. కారుకి 20 డాలర్లు, ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పనిచేస్తుంది. మ్యూజియంలో, ఊళ్లోని జనరల్ స్టోర్‌లో, పెట్రోలు బంకు పక్క మినీ మార్ట్‌లో, మరీనాలో దొరుకుతుంది. ట్రయల్ మొదట్లో అమ్మరు. అది తెలియక చాలామంది ఏడెనిమిది మైళ్లు ముందుకి వెళ్లిపోయి, పాస్ కోసం మళ్లీ ఊళ్లోకి వస్తుంటారు. కారు దిగేముందు బయటికి కనపడేలా పెట్టండి.

ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అంటే, వద్దనే నా సలహా. బాతెల్ నుంచి మీకు దగ్గర దారి ఎడ్మండ్స్–కింగ్‌స్టన్ ఫెర్రీ. ఫెర్రీ ప్రయాణం 30 నిమిషాలే, కానీ వేసవి శనివారాల్లో క్యూ గంట, రెండు గంటలు కూడా పడుతుంది. ఈ రూట్‌లో ముందుగా చోటు బుక్ చేసుకునే వీలు ఉండదు. ఫెర్రీ దిగాక హుడ్ కెనాల్ వంతెన దాటి, స్క్విమ్ మీదుగా పోర్ట్ ఏంజెలస్ చేరేసరికి గంటన్నర. ఆ వంతెన తేలే వంతెన. నేవీ జలాంతర్గాములు, పెద్ద పడవలు వచ్చినప్పుడు మధ్యలో తెరుస్తారు, అరగంట పైన ఆగాల్సి రావచ్చు. పోర్ట్ ఏంజెలస్ నుంచి నియా బే 70 మైళ్లే అయినా రెండు గంటలు పెట్టుకోండి. హైవే 112 సముద్రాన్ని ఒరుసుకుంటూ మెలికలు తిరుగుతుంది, కలప లారీలు ఎదురొస్తాయి. పిల్లలకు వాంతుల మాత్ర వేసేదుంటే పోర్ట్ ఏంజెలస్‌లోనే వేసేయండి, నియా బేకి ముందు వచ్చే క్లాలమ్ బే ఊరు దాటాక వేస్తే లాభం లేదు. అన్నీ కలిసొస్తే ఒకవైపు నాలుగున్నర గంటలు. అదే రోజు వెనక్కి రావాలంటే అక్కడ మిగిలేది మూడు నాలుగు గంటలు. అందులో మ్యూజియమైనా సరిగా చూడలేరు, కేప్ అయినా చూడలేరు.

బయల్దేరే పొద్దున రాష్ట్ర రవాణా శాఖ యాప్‌లో హైవే 112 ఒకసారి చూసుకోండి. ఆ కొండవాలు మెత్తని నేల, వానలకు జారుతుంటుంది. క్లాలమ్ బే ముందు మూసేస్తే 101 మీద శాపో దాకా పోయి 113 ఎక్కి రావచ్చు. దాని పక్క ఊరు సీక్యూ దాటాక మూస్తే మాత్రం వేరే మంచి దారి లేదు, ఊరికి ఉన్నది ఆ ఒక్క రోడ్డే.

ఊరు చేరగానే కేప్‌కి పరుగెత్తకుండా మ్యూజియం ముందు చూడండి. అది చూశాక కేప్ దగ్గర నిలబడితే ఆ నీళ్లలో వాళ్లు ఏం చేసేవారో కళ్లకు కడుతుంది. మ్యూజియం చూడకుండా వెళితే అదొక అందమైన రాతి అంచు, అంతే.

నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లాల్సిన కథ ఒకటుంది. నియా బేకి దక్షిణాన సముద్రం ఒడ్డునే ఓజెట్ అని మకా వాళ్ల పాత ఊరు. కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ విరిగి, ఇళ్లు ఇళ్లుగా బురద కింద పడిపోయాయి. గాలి చొరబడని తడి బురద కావడంతో కలప, తాళ్లు, బుట్టలు, చాపలు కుళ్లకుండా ఉండిపోయాయి. మామూలుగా ఇంత వానపడే తీరంలో తవ్వితే రాయి, ఎముక తప్ప ఏమీ మిగలదు. 1970లో శీతాకాలపు తుపాను ఒడ్డును కోసేసి ఆ ఇళ్లను బయటపెట్టింది. దారినపోయేవాళ్లు వస్తువులు ఎత్తుకుపోవడం మొదలుపెట్టేసరికి, అప్పటి తెగ అధ్యక్షుడు ఎడ్ క్లాప్లన్హూ వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ డాహర్టీకి కబురు చేశారు. 11 ఏళ్లు తవ్వారు, సుమారు 55,000 వస్తువులు దొరికాయి. పార, పలుగు పెడితే నానిన కలప చీలిపోతుందని సముద్రపు నీళ్లు పంపుతో ఎక్కించి, సన్నని ధారతో మట్టిని కడిగారు. తీసిన చెక్కను ఆరబెడితే ముడుచుకుపోతుంది కాబట్టి పాలీఇథలీన్ గ్లైకాల్‌లో నానబెట్టారు. నీరు ఉన్న చోటల్లా ఆ మైనంలాంటి పదార్థం చేరి చెక్క ఆకారం నిలబడుతుంది. వస్తువులు వేరే నగరానికి తరలిపోకుండా తమ ఊళ్లోనే ఉండాలని తెగ పట్టుబట్టింది. 1979లో తెరిచిన ఈ మ్యూజియం దాని ఫలితమే.

లోపల మూడు చోట్ల ఆగండి. మొదటిది, సీడార్ చెక్కలో తిమింగలం వీపు రెక్క ఆకారంలో చెక్కినది. దాని మీద 700కు పైగా సముద్రపు ఓటర్ (నీటికుక్క) పళ్లు వరసలు వరసలుగా పొదిగారు. దగ్గరగా వంగి చూడండి. రెండోది వంచిన పెట్టెలు. ఒకే పలకకు మూడుచోట్ల గాడి తీసి, ఆవిరి పట్టి, మూడు మూలలూ వంచి, నాలుగో మూలను మేకులతోనో కుట్టుతోనో బిగిస్తారు. చుక్క నీరు కారదు. ఎర్రగా కాల్చిన రాళ్లు అందులో వేసి నీళ్లు మరిగించి వండుకునేవారు. ఏడేళ్ల పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. మూడోది తిమింగలాల వేట సామాను. హార్పూన్ (తిమింగలాన్ని పొడిచే ఈటె) ములుకు ఆల్చిప్ప పెంకుది, రెండుపక్కలా కొక్కేలు ఎల్క్ అనే పెద్ద జింక కొమ్ముతో చేసినవి, అతికినది స్ప్రూస్ చెట్టు జిగురుతో. తాడు వెంట గాలి నింపిన సీల్ తోలు తిత్తులు కట్టేవారు, తిమింగలం లోతుకు మునగలేక అలసిపోవడానికి.

పడవల పక్కన నిలువెత్తు సీడార్ ఇల్లు కట్టి పెట్టారు, లోపలికి వెళ్లొచ్చు. గోడ వెంట పడుకునే అరుగులున్నాయి. మసకగా ఉంటుంది, నాన్నగారి చెయ్యి పట్టుకోండి. మొత్తానికి రెండు గంటలు తక్కువ కాకుండా పెట్టుకోండి. మామూలుగా 10 నుంచి 5 దాకా తెరిచి ఉంటుంది. తెగ కార్యక్రమాలకో, ఎవరైనా పోయినప్పుడో ఊళ్లో వేళలు మారొచ్చు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి.

—

చందు_టకోమా

పైన చెప్పినవాటికి మూడు విషయాలు కలుపుతాను.

ఫెర్రీ క్యూ మరీ ఎక్కువగా కనిపిస్తే టకోమా నారోస్ వంతెన మీదుగా చుట్టి రావచ్చు. గంట ఎక్కువ, కానీ వేళ మీ చేతుల్లో ఉంటుంది. అటు వెళ్లేటప్పుడు టోల్ లేదు, తూర్పుకు తిరిగొచ్చేటప్పుడే. ఫెర్రీలో కారుకు రెండువైపులా టికెట్, మనుషులకు ఎడ్మండ్స్ నుంచి వెళ్లేటప్పుడే. 18 లోపు పిల్లలకు ఉచితం, 65 దాటినవాళ్లకు సగం. వయసు తెలిసే కార్డు చూపాలి, మీ నాన్నగారి పాస్‌పోర్ట్ చాలు.

పాస్‌పోర్ట్ అంటే గుర్తొచ్చింది. నియా బే వెళ్లడానికి సరిహద్దు దాటరు, కానీ ఎదురుగా జలసంధి అవతల కనపడేది కెనడా. పోర్ట్ ఏంజెలస్‌లో బోర్డర్ పెట్రోల్ స్టేషన్ ఉంది. 18 దాటిన విదేశీయులు తమ ఇమ్మిగ్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) ప్రింట్లు, మీవి కూడా కారులో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అని ఒరిజినల్ ఇంట్లో వదిలేయొద్దు.

ఫోన్: క్లాలమ్ బే దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. చాలాచోట్ల వాంకూవర్ ఐలాండ్ టవర్లు పట్టేసుకుని “కెనడాకు స్వాగతం” అని మెసేజ్ వస్తుంది. డేటా రోమింగ్ ముందే ఆపేయండి. ముఖ్యంగా అమ్మానాన్నల ఫోన్లలో ఇండియా సిమ్ ఉంటే బిల్లు మోత మోగుతుంది. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, రూమ్ బుకింగ్ కాగితం మీద రాసుకోండి. పెట్రోలు పోర్ట్ ఏంజెలస్‌లో ఫుల్ చేయించండి. నియా బేలోనూ బంకు ఉంది, కానీ రాత్రి పొద్దుపోయాక దాన్ని నమ్ముకోకూడదు.

—

అలలపోటు

నాన్నగారి మోకాళ్ల విషయం వివరంగా చెబుతాను, ఎందుకంటే కేప్ ఫ్లాటరీ “సులువైన ట్రయల్” అని అంతటా రాసేస్తారు.

దూరం ఒకవైపు ముప్పావు మైలు, రానూపోనూ మైలున్నర. ఎత్తు తేడా సుమారు 200 అడుగులు. చిక్కేమిటంటే దిగుడు ముందు వస్తుంది, ఎక్కుడు తిరుగుదారిలో, అలసిపోయాక. మొదట్లో వెడల్పాటి గులకదారి. తర్వాత సీడార్ పలకలు పరిచిన నడవ, మధ్యలో గుండ్రని దుంగముక్కలు మెట్లలా పాతారు, అక్కడక్కడ చెట్ల వేళ్లు, బురద. సంవత్సరానికి దాదాపు 100 అంగుళాల వాన పడే చోటు కాబట్టి ఆగస్టులోనూ నీడపట్టున పలకలు తడిగానే ఉంటాయి. తడి సీడార్ పలక మీద నునుపు అరికాలు చెప్పు వేస్తే జారడం ఖాయం. నాన్నగారికి గట్టి పట్టున్న బూట్లు, రెండు చేతులకూ రెండు ట్రెకింగ్ కర్రలు.  దిగేటప్పుడు కర్రలు కాస్త పొడుగు చేయండి, ఎక్కేటప్పుడు పొట్టి. మామూలువాళ్లకు గంట, ఆయనకు రెండు గంటలు అనుకుని వెళ్లండి. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో చూడ్డానికి కట్టిన వేదికలున్నాయి, మొత్తం నాలుగు. చివరి వేదిక ఎక్కడానికి నిట్టనిలువు మెట్లు. అవి వద్దనుకుంటే కిందివి చాలు, గుహలు, ఆకుపచ్చని నీళ్లు అక్కడినుంచే బాగా కనిపిస్తాయి.

పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు. వేదికలకే కటకటాలు, వాటి మధ్య దారిలో చాలాచోట్ల అడ్డు ఏమీ లేదు. పైగా ఆ కొండ అంచులను అలలు కిందినుంచి తొలిచేశాయి. మీరు గట్టి నేల అనుకుని నిలబడే చోట కింద గుహ ఉండొచ్చు. గడ్డి మీద అరిగిన పక్కదారి కనపడినా సరే, వేదిక దాటి వెళ్లొద్దు.

వేళ విషయానికొస్తే, ఆగస్టులో పొద్దుటిపూట సముద్రపు మంచు కమ్మేసి ఎదుటి దీవి కూడా కనపడకపోవచ్చు. చాలా రోజుల్లో మధ్యాహ్నానికి విడుతుంది. అందుకే మ్యూజియం ముందు, 3 గంటల తర్వాత కేప్, ఈ వరస కుదురుతుంది. ఎదురుగా ఉన్నది టటూష్ దీవి. దాని మీది లైట్‌హౌస్ 1857 నాటిది. ఆ దీవి మకా వాళ్లది, తెగ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. కుడివైపు జలసంధి, ఎడమవైపు పసిఫిక్. అలాస్కా, హవాయి తీసేస్తే అమెరికాకు వాయవ్యపు కొస అదే.

బైనాక్యులర్స్ ఉంటే (8x42 చాలు) కెల్ప్ నాచు తేలే చోట్ల ఓపిగ్గా వెతకండి, వెల్లకిలా తేలే ఓటర్లు దొరుకుతాయి. తోలు కోసం వేటాడి ఈ తీరంలో వాటిని ఒక్కటి మిగల్చకుండా చేశారు. 1969, 1970లలో అలాస్కా నుంచి తెచ్చి వదిలినవాటి సంతతే ఇప్పుడున్నది. పొద్దున మ్యూజియంలో చూసిన ఆ పళ్లు ఏ జంతువువో పిల్లలకు అక్కడ చూపించండి. టఫ్టెడ్ పఫిన్లు అనే సముద్రపక్షులు వేసవి చివరికి వెళ్లిపోతాయి, ఆగస్టు మొదట్లో అయితే అవకాశం ఎక్కువ. గ్రే తిమింగలాల అసలు వలస మార్చి నుంచి మే దాకా. కొన్ని మాత్రం వేసవంతా ఈ చుట్టుపక్కలే మేస్తాయి.

నాన్నగారు అస్సలు నడవలేని రోజైతే హోబక్ బీచ్‌కి తీసుకెళ్లండి. కారు దిగితే ఇసుకే. పశ్చిమానికి తెరిచి ఉంటుంది, ఆగస్టు చివర్లో సూర్యాస్తమయం 8 గంటల ప్రాంతంలో. అక్కడ తెగ నడిపే క్యాబిన్లు, క్యాంప్ స్థలం ఉన్నాయి. రాత్రికి అవే మంచివి, నెలల ముందే నిండిపోతాయి. నీళ్లలో మాత్రం పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు. లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, నీళ్లు ఆగస్టులో కూడా గడ్డకట్టించేలా ఉంటాయి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద ఎక్కనివ్వొద్దు. ఒక్క పెద్ద అల వస్తే టన్నుల బరువున్న దుంగ కూడా దొర్లుతుంది.

షై షై బీచ్ గురించి ఎవరైనా ఊరిస్తే పెద్దవాళ్లతో వద్దనండి. రెండు మైళ్లు బురద అడవిదారి, చివర్లో తాడు పట్టుకుని దిగే నిట్టనిలువు వాలు. బీచ్ చివర పాయింట్ ఆఫ్ ది ఆర్చెస్ అనే రాళ్ల కొస దాకా వెళ్లి వస్తే మొత్తం 8 మైళ్లు. పోటు వేళ చూసుకోకుండా వెళితే కొండకొమ్ము దగ్గర ఇరుక్కుంటారు. రాత్రి ఉండాలంటే పాస్‌తో పాటు నేషనల్ పార్క్ పర్మిట్, ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా కూడా తప్పనిసరి. రాత్రిపూట కారు పెట్టేది దగ్గర్లోని ప్రైవేటు స్థలాల్లో, వాటికి నగదు కావాలి.

ఓజెట్ పాత ఊరి చోటు చూడాలంటే దారి వేరు. సీక్యూ దగ్గర వెనక్కి తిరిగి హోకో–ఓజెట్ రోడ్డు మీద సుమారు 21 మైళ్లు, అక్కడినుంచి ఆ పాత ఊరున్న తీరం కేప్ అలావాకు 3.3 మైళ్ల పలకల దారి. ఇది నేషనల్ పార్క్‌లోకి వస్తుంది, మీ పాస్ ఇక్కడ పనికొస్తుంది. తవ్వకాలు అయ్యాక మళ్లీ మట్టి కప్పేశారు, పైకి కనపడేది గడ్డి గట్టే. ఎవరైనా పెద్దపిల్లను తీసుకుని రెండో రోజు వెళ్లాలనుకుంటే, శాండ్ పాయింట్ మీదుగా చుట్టి వస్తే 9 మైళ్ల పైన అవుతుంది. మధ్యలో వెడ్డింగ్ రాక్స్ దగ్గర రాళ్ల మీద తిమింగలాలు, ముఖాలు, తెరచాప ఓడ చెక్కి ఉన్నాయి. వాటిని ముట్టుకోకూడదు, సుద్దతో గీయకూడదు.

—

బాతెల్_సుధ

ఇంత వివరంగా చెప్పినందుకు మీ అందరికీ చాలా థాంక్స్ అండీ. హోబక్‌లో ఒక రాత్రికి చూస్తున్నాం. ఇంకో రెండు అడగాలి. మా చిన్నదానికి తిమింగలాలంటే పిచ్చి, వేట సామాను చూసి ఏడుస్తుందేమో. వాళ్లు ఇప్పటికీ వేటాడతారా? రెండోది, ఆగస్టు చివర్లో మకా డేస్ అని ఏదో పండగ ఉందట, ఆ వారం వెళ్లడం మంచిదా, కాదా?

—

పడమటిగాలి

పాపకు ఉన్నదున్నట్టు చెప్పండి, అర్థం చేసుకుంటుంది. మకా వాళ్లకు తిమింగలం అంటే కేవలం మాంసం కాదు. వేటకు వెళ్లే నాయకుడు నెలల తరబడి చన్నీటి స్నానాలు, ప్రార్థనలు, నియమాలతో సిద్ధపడేవాడు. ఎనిమిది మంది సీడార్ పడవలో బయల్దేరేవారు. చనిపోయిన తిమింగలం నీళ్లు మింగి మునిగిపోకుండా ఒకడు సముద్రంలోకి దూకి దాని నోరు కుట్టేసేవాడు. ఒడ్డుకు చేరాక పాట పాడి స్వాగతం చెప్పి, ఊరంతా పంచుకునేవారు.

1855లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న నియా బే ఒప్పందంలో మకా వాళ్లు లక్షల ఎకరాలు వదులుకున్నారు కానీ, తిమింగలాల వేట హక్కును అక్షరాలా రాయించుకున్నారు. అమెరికాలో ఇంకే తెగ ఒప్పందంలోనూ అది లేదు. బయటి వ్యాపార ఓడలు తిమింగలాలను ఊడ్చేశాక, 1920లలో తమంతట తామే వేట ఆపేశారు. గ్రే తిమింగలాలు కోలుకుని 1994లో అంతరించే జీవుల జాబితా నుంచి బయటికొచ్చాయి. ఆ తర్వాత 1999 మే 17న ఒకటి వేటాడారు. అప్పట్లో నిరసనలు, తర్వాత కోర్టు కేసులు. 2024 జూన్‌లో సముద్ర జీవుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ నోవా, పదేళ్లలో గరిష్ఠంగా 25 తిమింగలాలను వేటాడేందుకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. మ్యూజియంలో వేలాడే గ్రే తిమింగలం అస్థిపంజరం కింద నిలబడి ఈ వరస చెబితే చాలు. వేట మంచిదా చెడ్డదా అన్న వాదన మాత్రం కౌంటర్ దగ్గరో బోటు దగ్గరో వాళ్లతో పెట్టుకోకండి. ఎన్నో ఏళ్లు బెదిరింపులు, తిట్లు పడ్డారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, అదే మర్యాద.

ఇంకో మాట నాన్నగారికి. ఓజెట్ ఖాళీ అయింది పిల్లల చదువుల వల్ల. పిల్లల్ని నియా బే బడికి పంపి తీరాలని ప్రభుత్వం ఒత్తిడి తేవడంతో తల్లిదండ్రులూ కదిలి వచ్చేశారు. బడిలో మకా భాష మాట్లాడితే శిక్ష. ఆ భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి 2002లో పోయారు. ఇప్పుడు అదే ఊరి బడిలో పిల్లలకు మకా భాష నేర్పుతున్నారు, ఊళ్లో బోర్డుల మీదా కనిపిస్తుంది. జీవితమంతా బడిలో గడిపిన మనిషికి ఇది తప్పక మనసుకు తగులుతుంది.

ఫొటోలు: మ్యూజియం గ్యాలరీల్లో తీయకూడదు. మన గుళ్లో గర్భాలయం దగ్గర ఫోన్ తీయనట్టే అనుకోండి. ఊళ్లో మనుషుల్ని, ఇళ్లను, శ్మశానాన్ని అడక్కుండా తీయొద్దు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. గవ్వలు, రాళ్లు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన గాజు బంతులు, చెక్కముక్కలు ఏవీ జేబులో వేసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. ఓజెట్‌లో మొదట పోయిన వస్తువులు అలా సరదాగా ఎత్తుకెళ్లినవే.

—

నీరజ_పోర్ట్‌లాండ్

మకా డేస్ ఆగస్టు చివరి వారాంతం. 1913లో ఊళ్లో తొలిసారి అమెరికా జెండా ఎగరేసినదానికీ, 1924లో మూలవాసులకు పౌరసత్వం వచ్చినదానికీ గుర్తుగా చేస్తారు. పడవ పందేలు, సంప్రదాయ నృత్యాలు, ఆల్డర్ నిప్పు చుట్టూ సీడార్ కర్రలకు గుచ్చి కాల్చే సాల్మన్, రాత్రి దాకా ఎముకల ఆట. ఎముకల ఆటలో రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక జట్టు గుర్తున్న ఎముక, గుర్తులేని ఎముక గుప్పిట్లో దాచి డప్పు కొడుతూ పాడుతుంటే, అవతలివాళ్లు ఏ చేతిలో ఏది ఉందో పసిగట్టాలి. లెక్క కర్రపుల్లలతో. చూస్తూ నిలబడొచ్చు, రెండు జట్ల మధ్య నుంచి మాత్రం నడవకండి.

అది వాళ్ల పండగ. దూరాల్లో స్థిరపడ్డ మకా కుటుంబాలు సొంతూరికి వచ్చే రోజులు. అతిథులకు స్వాగతమే, కానీ గదులు దొరకవు, కారు పెట్టడానికి చోటుండదు, మ్యూజియం కిటకిటలాడుతుంది. నాన్నగారు మ్యూజియంలో కుర్చీ వేసుకున్నట్టు చూడాలంటే దానికి ముందు వారం, మంగళ–బుధవారాలు మంచివి. మధ్యవారం ఫెర్రీ క్యూ కూడా తక్కువ. నృత్యం చూడాలన్నదే ముఖ్యమైతే పండగ శనివారం, క్లాలమ్ బేలోనో సీక్యూలోనో గది తీసుకుని.

అమ్మగారి తిండి: ఊళ్లో తినే చోట్లు ఒకటి రెండే, వేళలు తక్కువ, మెనూ అంతా చేప, బర్గర్. గుడ్డు కూడా లేకుండా అంటే ఫ్రెంచ్ ఫ్రైస్, అవీ చేపలు వేయించిన నూనెలోనే. కాబట్టి ఇంటినుంచి పట్టుకెళ్లడమే. మొదటి రోజుకు పులిహోర, దద్దోజనం. పెరుగన్నం ఐస్ పెట్టెలో ఉంచాలి, పాలు ఎక్కువ పోసి కలిపితే సాయంత్రానికీ పులవదు. రెండో రోజుకు చపాతీలు, పొడులు, ఊరగాయ. హోబక్ క్యాబిన్లలో వంటగది ఉన్నది చూసి తీసుకుంటే చిన్న కుక్కర్ పెట్టుకుని పప్పన్నం వండేయొచ్చు. పాలు, బ్రెడ్, అరటిపళ్లు జనరల్ స్టోర్‌లో దొరుకుతాయి. మీలో చేప తినేవాళ్లుంటే పొగబెట్టిన సాల్మన్ తప్పక కొనండి. మద్యం ఊళ్లో అమ్మరు, తీసుకెళ్లకండి.

ఏదైనా గుర్తుగా కొనాలంటే మ్యూజియం దుకాణంలో సీడార్ బెరడు, బేర్‌గ్రాస్ అనే గడ్డితో అల్లిన చిన్న మూతబుట్టలు చూడండి. అరచేతిలో పట్టే బుట్టకు ఆ ధరేమిటి అనిపించొచ్చు. వసంతంలో చెట్టులో రసం పైకి ఎక్కేటప్పుడే బెరడు ఒలుస్తారు, అదీ చెట్టు చావకుండా ఒక పట్టీ మాత్రమే. ఏడాది దాకా ఆరబెట్టి, పలచగా చీల్చి, నానబెట్టి, వెంట్రుక సన్నంగా అల్లుతారు. దయచేసి బేరం ఆడకండి.

—

చందు_టకోమా

ఒకటి మర్చిపోయాను. ఊరంతా సునామీ ముప్పున్న పల్లంలో ఉంది. 1700 జనవరి 26 రాత్రి ఈ తీరంలో వచ్చిన భూకంపం అల జపాన్ దాకా వెళ్లింది. రోడ్ల మీద నీలం రంగు బోర్డులు ఎత్తైన చోటికి దారి చూపిస్తాయి. హోబక్ క్యాబిన్‌లో దిగగానే ఆ దారి ఎటో ఒకసారి చూసుకుని, పడుకునేముందు కారు తాళాలు, బూట్లు, నాన్నగారి మందులు తలుపు దగ్గర పెట్టుకోండి. నేల గట్టిగా ఊగితే సైరన్ కోసం ఎదురుచూడొద్దు, వెంటనే మెరకకు పోవాలి. నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి సైరన్ పరీక్ష ఉంటుంది, గంటల సంగీతంలా మోగుతుంది. మీరు వెళ్లేది ఆ రోజైతే అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి.